హనోరా ఇంటి కాగితపు అంచు

ఒక కళాకారుడు పదకొండు రోజులు కూర్చుని గోడలకీ గుమ్మాలకీ పూసిన మురికిని భ్రమరాంబ రెండున్నర గంటల్లో కడిగి పారేసింది. కొబ్బరి పీచూ, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళూ, అరవై మూడేళ్ళ ఒళ్ళూ తప్ప ఆవిడ దగ్గర ఇంకే సరంజామా లేదు. పని ముగించి నడుం మీద చెయ్యి వేసుకుని చూసుకుంటే, ఇల్లు తలంటి పోసుకున్న పిల్లలా కళకళలాడుతోంది.

ఆవిడ తప్పేం లేదు. ఇల్లు మురికిగా ఉంటే కడుగుతారు. మురికిని డబ్బిచ్చి పూయించుకుంటారని ఏ మనిషి అనుకుంటుంది?

మెల్‌బోర్న్‌లో, కాలింగ్‌వుడ్ దగ్గర ట్రామ్ దిగి రెండు సందులు తిరిగితే ఆ ఇల్లు వస్తుంది. విక్టోరియా మహారాణి కాలంలో కూలీ జనం తలదాచుకున్న ఇళ్ళు ఆ సందులో పదకొండు ఉండేవట. పదీ పోయి ఇదొక్కటే మిగిలింది. ముందొక గది, వెనకొక గది, పెరట్లో బట్టలు ఉడకబెట్టే కాగు. అంతే ఇల్లు. భర్త పోయిన హనోరా అనే ఐరిష్ మనిషి నలుగురి బట్టలూ ఉతికి, ఆరుగురు పిల్లల్ని అందులోనే పెంచింది. అద్దె కట్టలేక వెనకగదిలో ఇద్దరు తోళ్ళ కార్ఖానా కూలీలకు కూడా చోటిచ్చింది. ఇప్పుడు ఒక చిన్న ట్రస్టువాళ్ళు ఆ ఇంటిని మ్యూజియం చేసి, పేదవాళ్ళు ఎలా బతికారో చూడమని టికెట్టు పెట్టి చూపిస్తున్నారు.

భ్రమరాంబ అక్కడ మంగళ, శుక్రవారాలు శుభ్రం చేసే మనిషి. క్లేటన్‌లో వాళ్ళ పక్కింట్లో అద్దెకుండే విద్యార్థులలో ప్రియ అనే అమ్మాయి ఆ పని చేసేది. దానికి పెద్ద ఉద్యోగం వచ్చాక, "ఆంటీ, మీరు చేస్తారా? సింపుల్ వర్క్" అని అడిగింది. భ్రమరాంబ ఎగిరి గంతేసింది. కూతురు కిరణ్మయి డాక్టరు, అల్లుడు ఇంజినీరు, ఇంట్లో పని యంత్రాలు చేస్తాయి. పన్నెండో ఏట పనిలోకి దిగిన మనిషికి ఊరికే కూర్చోవడమంటే ఒంట్లో బాగాలేనట్టు ఉంటుంది. కిరణ్మయి మాత్రం తెలిసినవాళ్ళందరితో, "మా అమ్మ హెరిటేజ్ మ్యూజియంలో వాలంటీర్" అని చెప్పుకుంది. ఆ మాట విని భ్రమరాంబ నవ్వుకుంది గానీ దిద్దలేదు.

రెండు వారాలు ఇల్లు మూసి ఏవో పనులు చేయించారు. శనివారం మళ్ళీ తెరుస్తారు, నలభైమంది పెద్దలు వస్తారు. మంగళవారం తాళం తీసి లోపలికి వెళ్ళిన భ్రమరాంబకు కాళ్ళ కింద నేల కదిలినంత పనయింది. గోడల నిండా మసి, గుమ్మం మీద జిడ్డు, పొయ్యి పైన గోడకు కొట్టిన చెక్క పలక నల్లగా పీడలా ఉంది. నలుగురు వచ్చే ముందు ఇల్లు ఇలాగా! ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఆ ఇల్లాలు చచ్చి నూరేళ్ళు దాటినా సరే, మాట పడేది ఆవిడే. భ్రమరాంబ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపింది.

పేదరికం ఎరగనివాళ్ళు దాని బొమ్మ గీయాల్సి వస్తే ముందు మసితోనే మొదలుపెడతారు. ఆ సంగతి ఆవిడకు అప్పటికి తెలియదు.

పొయ్యి పైన పలక తోముతుంటే కొంచెం ముందుకు జరిగింది. దాని వెనక గోడ సందులో ఏదో ఇరుక్కుని ఉంది. జడపిన్నుతో మెల్లగా లాగితే ఒక పాత వార్తాపత్రిక ముక్క వచ్చింది. అరచేతి పొడుగు, గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఒక అంచు తిన్నగా ఉంది. రెండో అంచున పళ్ళు పళ్ళుగా నాలుగు కోణాలు, ఒక్కో కోణం నడుమ చిన్న చిల్లు.

భ్రమరాంబ కింద కూలబడిపోయింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. "ఓసినీ, నువ్వూ పెట్టుకున్నావటే!" అంది పైకే, ఎదురుగా హనోరా ఉన్నట్టు.

పదింటికి ట్రస్టు బాధ్యురాలు హెదర్ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. అరవలేదు, తిట్టలేదు. ఆ దేశపు మర్యాదస్తులకు కోపం వస్తే గొంతు ఇంకా చిన్నదవుతుంది. "ఓ నో. నో, నో, నో," అంది గోడలు తడుముతూ. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి నెమ్మదిగా వివరించింది. ఆ మురికి ఒక కళాకారుడి పని. 1888లో ఆరోగ్యశాఖ తనిఖీదారు రాసిన నివేదికను బట్టి వేయించినది. శనివారం లోపల మళ్ళీ వేయించడం కుదరదు. కమిటీకి చెప్పక తప్పదు. కమిటీ ఏ సంగతీ చెప్పేదాకా 'బ్రామా' (భ్రమరాంబ అనడానికి ఆమెకు అంతవరకే నోరు తిరిగేది) పనికి రానక్కర్లేదు.

భ్రమరాంబకు సగం అర్థమైంది. ఉద్యోగం ఊడిందన్న సగం మాత్రం బాగా అర్థమైంది. అయినా కాగితం ముక్కను పళ్ళెంలో పెట్టి ముందుకు జరిపి, "దిస్... షెల్ఫ్ బ్యాక్. హనోరా," అంది.

హెదర్ ముఖం వెలిగింది. కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ర్యాట్స్!" అంది సంతోషంగా. ఎలుకలు కొరికిన గాట్లు, పురుగులు తొలిచిన చిల్లులు. తనిఖీదారు రాసిందానికి ఇంతకన్నా రుజువేం కావాలి? శనివారం అద్దాల పెట్టెలో పెట్టి, పక్కనే నివేదికలోని వాక్యం రాయిస్తానంది: 'ఈ స్త్రీ ఎలుకలతో, పురుగులతో, సొంత మురికితో కలిసి కాపురం చేస్తున్నది.'

"నో ర్యాట్," అంది భ్రమరాంబ. ఆ పైన చెప్పవలసింది కొండంత ఉంది. ఇంగ్లీషు మాత్రం అక్కడే ఆగిపోయింది. హెదర్ జాలిగా భుజం తట్టి, ఫోను మోగితే వెళ్ళిపోయింది.

పని పోయినందుకు ఆవిడకు పెద్ద బాధ లేదు. జీతం ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. ఒక ఇల్లాలు ముచ్చటపడి కత్తిరించుకున్న అంచును ఎలుక కొరుకుడని రాసి నలుగురికీ చూపిస్తారే, అది మాత్రం గుండెలో ముల్లయి కూర్చుంది. ఇంటికొచ్చే రైల్లో స్టేషను స్టేషనుకీ ఆ ముల్లు లోపలికి దిగింది.

సాయంత్రం కిరణ్మయి క్లినిక్ నుంచి వచ్చేసరికి హెదర్ ఈమెయిల్ ఆమెకు చేరిపోయింది.

"అమ్మా, వాట్ డిడ్ యూ డూ? ఆర్టిస్ట్ వర్క్ మొత్తం కడిగేశావా? సాటర్డే ఓపెనింగ్‌కి జనార్దనరావు అంకుల్‌ని నేనే ఇన్వైట్ చేశాను తెలుసా?"

జనార్దనరావు గుండె డాక్టరు. ముప్పై అయిదేళ్ళుగా మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. కిరణ్మయి పనిచేసే క్లినిక్ ఆయనదే.

"రానీవే, మంచిదేగా. గోడలు తళతళలాడతన్నాయి," అంది భ్రమరాంబ. "అది సరే గానీ ఇది విను." కాగితం ముక్క సంగతంతా చెప్పి, "శనివారం నాకు మాటసాయం రావాలే నువ్వు. నేను తెలుగులో చెప్తా. నువ్వు ఇంగిలీషులో చెప్పు. అది ఎలక కొరికింది కాదని ఒక్కమాట చెబితే చాలు," అంది.

కిరణ్మయి సోఫాలో కూర్చుంది. "హౌ డు యూ నో అని అడుగుతారమ్మా. అప్పుడేం చెప్పను?"

"ఉన్నదే చెప్పు. మన గదిలోనూ ఉండేదని చెప్పు."

"కుదరదమ్మా. ప్లీజ్. సారీ చెప్పేసి వదిలెయ్."

ఎందుకు కుదరదో భ్రమరాంబకు తెలుసు. ఏలూరులో జూట్ మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో ఒక్క గదిలో పుట్టిన పిల్ల కిరణ్మయి. మొగుడూ పెళ్ళాలూ, అత్తగారూ, ఇద్దరు మరుదులూ, ఇద్దరు పిల్లలూ, వెరసి ఏడుగురు ఆ గదిలోనే. ఇరవై నాలుగు గదులకు ఒక్క కుళాయి. కుళాయి పక్కన మెట్టు మీద కూర్చుని చదివి ఆ పిల్ల మెడిసిన్ సీటు కొట్టింది. హాస్టల్లో మొదటి నెలలోనే ఎవరో మీ నాన్న ఏం చేస్తారని అడిగితే, మిల్లులో ఆఫీసరనీ, మాకు బంగళా ఉందనీ అంది. ఒక అబద్ధానికి గోడ కడితే పైకప్పు కూడా వెయ్యాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ బంగళాకు గదులు కడుతూనే ఉంది. చెడ్డ పిల్ల కాదు. తల్లిని నెత్తిన పెట్టుకుని చూసుకుంటుంది. ఆ గది ఒక్కటే ఆమెకు గొంతు దిగదు.

భ్రమరాంబకు కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని దాచుకునే అలవాటు ఆవిడకు ఎప్పుడూ లేదు. "మనం బీదాళ్ళవే కిరణూ, మురికాళ్ళం కాదు. ఆ రెండూ ఒకటేనని నువ్వెప్పుడు నేర్చుకున్నావో నాకు తెలీదు. నేనైతే నేర్పలేదు," అని లేచి వంటింట్లోకి పోయింది.

శనివారం ఉదయం మంగళగిరి చీర కట్టుకుని, ట్రామ్ కార్డు చేతబట్టుకుని బయల్దేరబోతుంటే కిరణ్మయి కారు తీసింది. "డ్రాప్ చేసి వెనకాల నించుంటానమ్మా. నన్ను మాట్లాడమని మాత్రం అడక్కు."

"నిన్నెవరడిగారే? కారు తోలు చాలు."

సందు నిండా జనం. లోపల ముందుగదిలో నలభైమంది ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడ్డారు. హనోరా రోజుల్లో ఏడుగురు ఆ గదిలోనే తిని, పడుకుని, జబ్బుపడి, కోలుకునేవారని ఎవరికీ తట్టినట్టు లేదు. బయట చలిగా ఉన్నా అందరూ ఉక్కపోస్తోందని తలుపు తీయించారు. హెదర్ చాలా చక్కగా మాట్లాడింది. సందులో మురుగుకాలవ లేని సంగతి, పదకొండిళ్ళకూ ఒకే కుళాయి సంగతి, టైఫాయిడ్‌తో హనోరా ఇద్దరు బిడ్డలు పోయిన సంగతి చెబుతుంటే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత తనిఖీదారు నివేదిక చదివింది. చదివి అద్దాల పెట్టె వైపు చెయ్యి చూపించి, ఎలుకల మాట ఎత్తింది.

"నో ర్యాట్!"

నలభై తలలూ ఇటు తిరిగాయి. భ్రమరాంబ జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళి పెట్టె పక్కన నిలబడింది. "నో ర్యాట్. లేడీ. లేడీ కట్. ఫర్... ఫర్ బ్యూటీ." అంతటితో ఇంగ్లీషు అయిపోయింది. మిగతాది తెలుగులోనే వచ్చింది. పండక్కి ముందు పాత పేపరు మడతపెట్టి పళ్ళు పళ్ళుగా జాలరు అంచులా కత్తిరించి పలకకు అంటించుకునేవాళ్ళమనీ, గిన్నెలు నాలుగే ఉన్నా ఆ అంచు మీద పెడితే ఇంటికి అందం వచ్చేదనీ గడగడా చెప్పుకుపోయింది. వాళ్ళందరూ మర్యాదగా వింటున్నారు. ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

చెబితే తెలియకపోతే చేసి చూపిస్తానని, బల్ల మీద ఉన్న కార్యక్రమ పత్రం తీసుకుంది. రిబ్బను కోసిన కత్తెర అక్కడే ఉంది. కాగితం మడిచింది. కత్తెరలో బొటనవేలు పెట్టింది. తెగిన పోగులు ముడివేసి ముడివేసి మిల్లులోనే అరిగిపోయిన బొటనవేలది. చలికాలం వస్తే వంగదు. ఒకసారి నొక్కింది, తెగలేదు. రెండోసారి కాగితం నలిగింది. మూడోసారి కత్తెర జారి కిందపడింది.

ఎవరో సన్నగా నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పిల్లల ఆట చూసి నవ్వినట్టు. హెదర్ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, "థాంక్యూ బ్రామా, దట్స్ లవ్లీ. వీ విల్ టాక్ లేటర్," అంది.

భ్రమరాంబ కూతురి వైపు చూడలేదు. అడగనన్నది, అడగదు. తలెత్తుకునే నిలబడింది. కళ్ళు మాత్రం మండుతున్నాయి.

"ఎక్స్‌క్యూజ్ మీ," అన్న గొంతు వెనకనుంచి వచ్చింది.

కిరణ్మయి జనంలోంచి వచ్చి నేలమీద కత్తెర తీసింది. ఇంకో కాగితం తీసుకుని నిలువునా చీల్చింది. పట్టీని సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడిచింది. ఒక మూల ఏటవాలుగా ఒక్క కోత. మడత నడుమ బియ్యపుగింజంత చిన్న కోత. వేళ్ళు తడబడలేదు. ఇరవై రెండేళ్ళుగా చెయ్యని పనిని చేతులు మరిచిపోలేదు. పట్టీ విప్పి అద్దాల పెట్టె మీద, లోపలి ముక్కకు పైగా పరిచింది.

కోణానికి కోణం. నడుమ చిల్లుకు చిల్లు.

హెదర్ వంగి చూసింది. పైదాన్నీ కిందిదాన్నీ చాలాసేపు చూసింది. లేచేసరికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు ఇదెక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది.

రెండో వరసలో జనార్దనరావు కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో," అంది కిరణ్మయి ఇంగ్లీషులో, స్పష్టంగా. "మాది ఒక్క గది. ఏడుగురం. పలకకు అంచు కత్తిరించడం నా పని. అమ్మకు డ్యూటీ ఉండేది." తల్లి వైపు తిరిగి, "అమ్మా, ఇందాక చెప్పింది మళ్ళీ మొదట్నుంచి చెప్పు. మెల్లగా," అంది.

అప్పుడు చెప్పింది భ్రమరాంబ. కూతురు వాక్యం వాక్యం అందుకుని ఇంగ్లీషు చేసింది.

"ఆ రాసినాయన్ని ఒక్కమాట అడగాలి. సందులో కాలవ తవ్వించాల్సింది ఎవరు? అద్దె పుచ్చుకున్నోడు. కుళాయిలు ఇంకో నాలుగు వేయించాల్సింది ఎవరు? వాడే. ఆ పని ఎవరూ చెయ్యలేదు. కంపు కొట్టింది. కాలవ కంపుని తెచ్చి ఈ ఇల్లాలి పేరు మీద రాసి పోయాడు ఆయన. ఆవిడ చేతిలో ఉన్నదల్లా ఈ పలక. తెల్లారి లేస్తే నలుగురి బట్టలుతికే మనిషి, ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టుకున్న మనిషి, కూచుని కత్తెర పట్టుకుని ఇది కత్తిరించుకుంది. ఎందుకూ? ఇది నా ఇల్లు అని. అంతే. ఇంకెందుకు?"

ఆఖరి మాటలు ఇంగ్లీషు చేసేటప్పుడు కిరణ్మయి అద్దాల పెట్టె మీది పట్టీ కొసను వేలితో సరిచేసింది.

వెనకనుంచి ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. అంతమంది ఒక్క గదిలో ఎలా పడుకునేవారని అడిగింది. తల్లిని అడగకుండా కిరణ్మయే జవాబు చెప్పింది. బాబాయిలిద్దరూ రాత్రి డ్యూటీ చేసి వచ్చేసరికి పిల్లలు చాపల మీంచి లేచేసేవారు. ఆ చాపలే దులిపి వాళ్ళకు పరిచేవారు. వర్షం వస్తే మాత్రం అందరూ కూర్చునే నిద్రపోయేవారు. అయినా వాకిలి చిమ్మకుండా ఏ ఇల్లూ తెల్లారేది కాదు. లైను మొత్తం మీద నూటయాభైమంది ఉంటే, మురికి బట్టతో బడికెళ్ళిన పిల్ల ఒక్కతె కూడా లేదు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మెడ నిటారుగా నిలిచింది. చిన్నప్పుడు కుళాయి దగ్గర వంతు కోసం పోట్లాడేటప్పుడు అలాగే నిలిచేదని భ్రమరాంబకు గుర్తొచ్చింది.

హెదర్ జేబులోంచి తాళం తీసి అద్దాల పెట్టె తెరిచింది. ఎలుకల గురించి రాసిన అట్టముక్కను బయటికి తీసి రెండుగా మడిచింది. "నేను పొరబడ్డాను," అంది అందరి ముందూ, గొంతు తగ్గించకుండానే. కొత్తది ఏం రాయాలో మంగళవారం వచ్చి చెప్పమని భ్రమరాంబను అడిగింది. గోడల సంగతి కూడా అప్పుడే మాట్లాడుకుందామంది.

జనం టీ కోసం పెరట్లోకి కదిలారు. జనార్దనరావు మాత్రం తల్లీకూతుళ్ళ దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి, గొంతు సవరించుకున్నాడు.

"అదేంటమ్మా కిరణ్మయీ, మీ నాన్నగారు మిల్లులో ఆఫీసర్ అని కదా నువ్వు..."

భ్రమరాంబ కూతురి వైపు చూసింది. నలభైమంది తెల్లవాళ్ళకు చెప్పడం ఒక ఎత్తు. మన భాషవాడికి, రేపు క్లినిక్‌లో ముఖం చూపించాల్సిన మనిషికి చెప్పడం ఇంకో ఎత్తు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవే తల్లీ, నాకేం పర్లేదు అని ఆ నిమిషంలో మనసులోనే కూతుర్ని క్షమించేసింది కూడా.

కిరణ్మయి తల్లి చెయ్యి అందుకుంది. వంగని ఆ బొటనవేలిని తన గుప్పిట్లో పెట్టుకుంది.

"కాదంకుల్. నాన్న లూమ్ మీద పనిచేసేవారు. అమ్మ స్పిన్నింగ్‌లో."

భ్రమరాంబ భుజం మీద కొంగు సర్దుకుంది. జనార్దనరావు కళ్ళలోకి తిన్నగా చూసింది.

"ముప్పై ఒక్క ఏళ్ళండీ," అంది. "ఒక్కరోజు నాగా లేదు."